యాత్రికుని సంచి ఎంత బరువుండాలి?



ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో విజయవాడ గుణదల కొండ వద్ద మరియమాత మహోత్సవాలు జరుగుతాయి. ఇటలీ దేశం నుండి వచ్చిన వేదబోధకులు అర్లాటి స్వామివారు 1924లో ఆ కొండ గుహలో లూర్దుమాత స్వరూపాన్ని నెలకొల్పిన నాటి నుండి ఆ కొండ తెలుగు కతోలికులందరికీ యాత్రాస్థలమైంది. కతోలికులే కాదు, అన్ని మతాలవారూ అక్కడికి వస్తారు. బస్సుల్లో, రైళ్ళలో వచ్చేవారు ఎక్కువ. మ్రొక్కుకొని కాలినడకన వచ్చేవారూ ఉన్నారు. మన నడికుడి ప్రాంతం నుండి నడిచి వెళ్ళాలనుకునే వారికోసం, ముఖ్యంగా మొదటిసారి బయలుదేరే వారికోసం ఈ వారం పాఠం. విషయం చిన్నది: సంచిలో ఏమి పెట్టుకోవాలి, ఏమి ఇంట్లో వదలాలి? చిన్నదిగా కనిపించినా ఈ ప్రశ్నలో సువిశేషం ఉంది, వైద్యం ఉంది, పొరుగువాని పట్ల ప్రేమ కూడా ఉంది.

1. దారి, దూరం, లెక్క

నడికుడి నుండి పిడుగురాళ్ళ, కొండమోడు, రాజుపాలెం, సత్తెనపల్లి, మేడికొండూరు, పేరేచర్ల మీదుగా గుంటూరు. అక్కడి నుండి మంగళగిరి, తాడేపల్లి, ప్రకాశం బ్యారేజి దాటి గుణదల. సుమారు 130 కిలోమీటర్లు. రోజుకు 25, 30 కిలోమీటర్ల చొప్పున నడిస్తే నాలుగైదు రోజుల ప్రయాణం. మన ఊరు రైల్వే జంక్షన్. రైలెక్కితే ఒక పూట పని. రైలు ఉండగా నడవడమెందుకని అడిగేవారికి జవాబు ఒక్కటే: యాత్రికుడు కొండను చేరడానికి మాత్రమే నడవడు, దారిలో కొంత మారడానికి నడుస్తాడు. ఆ మార్పుకు మొదటి మెట్టు సంచి సర్దుకోవడమే.

ఒక లెక్క చూడండి. మనిషి అడుగు 65 సెంటీమీటర్లు అనుకుంటే 130 కిలోమీటర్లకు రెండు లక్షల అడుగులు. సంచిలో అక్కర లేని కిలో బరువు ఒకటి ఉంటే, దానిని రెండు లక్షల అడుగులు మోయాలి. నడికుడిలో భుజాన వేసుకున్నప్పుడు ఆ కిలో తెలియదు. సత్తెనపల్లి చేరేసరికి తెలుస్తుంది. గుంటూరు దగ్గర అది కిలో కాదు, తాడేపల్లి దగ్గర అది ఒక పగ!

స్పెయిను దేశంలో పునీత యాకోబు అపోస్తలుని సమాధి ఉన్న సంతియాగో పట్టణానికి వెయ్యేళ్ళకు పైగా యాత్రికులు వందల కిలోమీటర్లు నడుస్తున్నారు. అక్కడి వాడుక నియమం ఇది: సంచి బరువు శరీర బరువులో పదవ వంతుకు మించరాదు. 50 కిలోల మనిషికి 5 కిలోలు. 60 కిలోల మనిషికి 6 కిలోలు. మనకూ ఇది మంచి కొలతే. మోకాళ్ళ నొప్పులున్నవారు ఇంకా తగ్గించుకోవాలి.

2. ప్రభువు చెప్పిన జాబితా

శిష్యులను ఇద్దరిద్దరుగా పంపినప్పుడు యేసు ప్రభువు వారి సామాను గూర్చి కూడా చెప్పారు. పునీత మార్కు సువిశేషం 6వ అధ్యాయం ప్రకారం చేతికర్ర ఉండవచ్చు, కాళ్ళకు చెప్పులు ఉండవచ్చు. రొట్టె, జోలె, నడికట్టులో డబ్బు, రెండవ అంగీ వద్దు. పునీత మత్తయి 10వ అధ్యాయంలో చేతికర్ర, చెప్పులు కూడా వద్దు. మరి లూకా 22వ అధ్యాయంలో, కడరా భోజనం వేళ, అదే ప్రభువు ఇప్పుడు డబ్బుసంచి ఉన్నవాడు దానిని తీసుకొని పోవాలని చెబుతున్నారు. దీనిని చదివి కొందరు కలవరపడతారు. ఏది నిజమైన జాబితా?

జాబితా వెనుక ఉన్న సూత్రాన్ని పట్టుకుంటే కలవరం ఉండదు. ఏ పనికైనా వాడే పనిముట్టుకు ఒక హద్దు ఉందని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ బోధించాడు. వడ్రంగికి ఒక సుత్తి ఉంటే పని జరుగుతుంది. పది సుత్తులుంటే వాటిని మోయడమే పని అవుతుంది. పనిముట్టు పరిమాణాన్ని నిర్ణయించేది మన ఆశ కాదు, ఆ పని. పునీత తోమాసు అక్వినాసు కూడా ఈ దారినే నడిచి, గమ్యం ఏదో తెలిసినప్పుడే సాధనాలకు కొలత దొరుకుతుందని వివరించారు. ఊరూరా తిరిగి ప్రజల ఇళ్ళలో బసచేసే శిష్యులకు ఒక కొలత. శత్రువుల మధ్యకు వెళ్ళబోయే శిష్యులకు మరొక కొలత. రెండు చోట్లా ప్రభువు అడిగింది ఒక్కటే: ఇది నీ ప్రయాణానికి సాయపడుతుందా, అడ్డుపడుతుందా?

దావీదు కథ గుర్తు చేసుకోండి. గొల్యాతుతో పోరుకు వెళ్ళేటప్పుడు సౌలు రాజు తన కవచాన్ని, కంచు శిరస్త్రాణాన్ని, ఖడ్గాన్ని ఇచ్చాడు. అవి మంచివే, రాజుగారివి. కాని వాటితో దావీదు అడుగు వేయలేకపోయాడు. విప్పి పక్కన పెట్టి, తన కర్ర, వడిసెల, ఏటిలోని ఐదు నున్నని రాళ్ళు తీసుకున్నాడు (1 సమూయేలు 17). మన బంధువులు ప్రేమతో ఇచ్చే బరువైన రగ్గు, పిండివంటల డబ్బా, కొత్త చెప్పులు కూడా ఒక్కోసారి సౌలు కవచాలే. ఇచ్చినవారిని నొప్పించకుండా ఇంట్లో వదిలి వెళ్ళడం నేర్చుకోవాలి.

3. ఏమి పెట్టుకోవాలి?

మనకు పనికివచ్చే జాబితా ఇది. ఒక జత మారు బట్టలు: చీర గాని, లుంగీ చొక్కా గాని, సన్నని నూలువి. ఇవి కిలో లోపే. ఒంటిమీద ఒక జత, సంచిలో ఒక జత చాలు. సాయంత్రం పిండి ఆరేస్తే తెల్లవారేసరికి ఆరతాయి. జీన్సు ప్యాంటు వద్దు. బరువెక్కువ, ఆరడానికి ఒక పగలు పడుతుంది. ఒక నూలు దుప్పటి, ముప్పావు కిలో. ఫిబ్రవరిలో మన పల్నాడులో పగలు ఎండ చురుక్కుమంటుంది, తెల్లవారుజామున చలి ఉంటుంది. దుప్పటి పరుపూ అవుతుంది, కప్పుకోవడానికీ అవుతుంది, మధ్యాహ్నం తలమీద నీడా అవుతుంది. ఒక తువ్వాలు. లీటరు నీళ్ళ సీసా; నీరు లీటరు కిలో బరువు, కాబట్టి మూడు లీటర్లు ఒకేసారి మోయవద్దు, ఊరూరా నింపుకోండి. అటుకులు, వేయించిన శనగలు, బెల్లం కలిపి అరకిలో. సబ్బు, పళ్ళపొడి, దూది, ప్లాస్టర్లు, ఉప్పు-చక్కెర పొట్లాలు, పావు కిలో. స్టీలు పళ్ళెం, గ్లాసు. టార్చిలైటు, సెల్‌ఫోను, చార్జరు. జపమాల. అన్నీ కలిపి, సంచితో సహా, ఐదు కిలోలకు కాస్త అటూ ఇటూ. చలవచేసిన చీరలు నాలుగు, దిండు, ఊరగాయ జాడీ పెట్టుకుంటే పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టే.

మూడు విషయాలలో మాత్రం బరువు చూడవద్దు.

మొదటిది మందులు. బి.పి., షుగరు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు రోజూ వాడే మాత్రలు ఆరు రోజులకు కాక పది రోజులకు సరిపడా తీసుకోవాలి. అమ్మను నమ్ముకొని వెళుతున్నాను, మాత్రలెందుకు అనడం విశ్వాసం కాదు. అది దేవుణ్ణి పరీక్షించడం. డాక్టరు చీటీని కూడా మడిచి పెట్టుకోండి. దారిలో పడిపోతే చూసినవారికి అదే మీ తరఫున మాట్లాడుతుంది.

రెండవది పాదరక్షలు. చెప్పులు లేకుండా నడుస్తానని మ్రొక్కుకున్నవారిని గౌరవిస్తాను. అయితే షుగరు వ్యాధి ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గి ఉండవచ్చు. ముల్లు గుచ్చుకున్నా, తారు కాల్చినా తెలియదు. ఆ పుండు మానక కాలు తీసివేయవలసిన స్థితికి రావచ్చు. అలాంటి మ్రొక్కు ఉన్నవారు బయలుదేరక ముందే తమ గురువుతో మాట్లాడండి. మ్రొక్కును మరొక మంచి కార్యంగా మార్చే అధికారం శ్రీసభలో ఉంది. మిగిలినవారు కూడా చెప్పులు సంచిలో ఉంచుకొని, తారు కాలే వేళకు తొడుక్కోవచ్చు. యాత్రకని కొత్త చెప్పులు కొనవద్దు. కొన్నా, నెలరోజుల ముందే కొని అరగదీయండి. కాలికి బొబ్బ లేస్తే చిదపవద్దు. కడిగి, ఆరబెట్టి, దూదితో కప్పండి.

మూడవది వెలుగు. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు బయలుదేరి పది గంటలకు ఆగడం, తిరిగి సాయంత్రం నడవడం మంచి పద్ధతి. కాని చీకట్లో మన రోడ్ల మీద సున్నం, సిమెంటు లారీలు ఆగకుండా తిరుగుతుంటాయి. ముదురు రంగు బట్టలు కట్టుకున్న మనిషి డ్రైవరుకు కనబడడు. లేతరంగు బట్టలు, వెలుగు పడితే మెరిసే పట్టీ, చేతిలో టార్చి ఉండాలి. కాలిబాట లేని రోడ్డుపై ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేలా కుడివైపున, ఒకరి వెనుక ఒకరుగా నడవండి. జట్టుకు ముందొకరు, వెనుకొకరు లైటు పట్టుకోవాలి. జపమాల చెప్పుకుంటూ రోడ్డంతా పరచుకొని నడవడం భక్తి కాదు.

4. ఎవరి మూట వారిది

ఇక అసలు విషయానికి వద్దాం. తేలికగా వెళ్ళడమంటే ఏమీ తీసుకెళ్ళకపోవడమని కొందరు అనుకుంటారు. దుప్పటి తెచ్చుకోని మనిషి రాత్రి పదింటికి పక్కవారి దుప్పటిలో సగం అడుగుతాడు. పళ్ళెం తెచ్చుకోనివాడు అందరూ తినేవరకు కాచుకొని వారి పళ్ళెం కడిగించుకుంటాడు. సంచి తేలికే. ఆ బరువు మాయం కాలేదు, మరొకరి భుజం మీదకు మారింది, అంతే. ఇది వైరాగ్యం కాదు.

పునీత పౌలు గలతీయులకు వ్రాసిన లేఖ 6వ అధ్యాయంలో రెండవ వచనం ఒకరి భారములను ఒకరు మోయాలని బోధిస్తుంది. మూడు వచనాల తరువాత, ఐదవ వచనంలో, ప్రతివాడు తన బరువును తానే మోసికోవాలని ఉంది. పైకి ఒకదానికొకటి విరుద్ధం. గ్రీకు మూలంలో మాత్రం రెండు చోట్లా వేర్వేరు మాటలున్నాయి. మొదటిది ‘బారోస్’: మనిషిని క్రుంగదీసే భారం. రెండవది ‘ఫోర్తియోన్’: ఓడ మోసే సరుకు, బాటసారి వీపున మోసే మూట. అంటే రోగం, వృద్ధాప్యం, దుఃఖం, ఆకలి వంటి క్రుంగదీసే భారాన్ని అందరూ కలిసి మోయాలి. ఎవరి దుప్పటి, ఎవరి పళ్ళెం, ఎవరి మాత్రలు వారే మోసుకోవాలి. మత్తయి 11వ అధ్యాయంలో తన భారం తేలికైనదని ప్రభువు చెప్పిన చోట కూడా ఈ రెండవ మాటే ఉంది. ప్రభువు మనకిచ్చేది బాటసారి మూట. అది మనలను క్రుంగదీయడానికి ఇచ్చింది కాదు.

దీని నుండి ఒక తేలికైన నియమం చెబుతాను. దారిలోని ఊరివారు సంతోషంగా ఇవ్వగలిగినవి మోయవద్దు: మంచినీళ్ళు, మజ్జిగ, వరండాలో చోటు, నాలుగు ముద్దల అన్నం. వారు ఇవ్వడానికి ఇబ్బంది పడేవి మాత్రం మీరే తెచ్చుకోండి: కప్పుకునే దుప్పటి, తినే పళ్ళెం, సబ్బు, మందు. ఫిబ్రవరి మన ప్రాంతంలో మిరపకోతల కాలం. మనకు ఆతిథ్యమిచ్చే కుటుంబంలో ఇల్లాలు రోజంతా మిరపచేలో వంగి కాయలు కోసి, చీకటిపడ్డాక ఇంటికి వచ్చి ఉంటుంది. ఆమెను మరో పది దుప్పట్లు అడగడం న్యాయమా?

కొన్ని జట్ల వెంట ట్రాక్టరో ఆటోనో సామానుతో వస్తుంది. అది తప్పా అని అడుగుతారు. ఇక్కడ కూడా పౌలు గారి తూకమే పనికివస్తుంది. బియ్యం, వంటపాత్రలు, నీళ్ళ డ్రమ్ము, నడవలేక కూలబడిన పెద్దలు, చంటిబిడ్డ తల్లి, ఇవి అందరి భారం, బండి వీటికోసం. పరుపులు, సూట్‌కేసులు, లౌడుస్పీకర్లు బండినిండా వేసి, అవ్వకు చోటులేదని చెప్పడం తలక్రిందుల వ్యవహారం. బండి ఉన్నా నీళ్ళు, మందులు, టార్చి ఎవరి భుజాన వారికి ఉండాలి. బండి ముందు వెళ్ళిపోవచ్చు, వెనుకబడిపోవచ్చు.

5. మ్రొక్కుబడుల బరువు

బయలుదేరే ముందురోజు ఇరుగుపొరుగు వస్తారు. మా పేరున ఒక కొబ్బరికాయ, మా బిడ్డ పేరున ఒక కొవ్వొత్తుల కట్ట అని ఇస్తారు. కొబ్బరికాయ అరకిలో ఉంటుంది. పది ఇళ్ళవారు ఇస్తే ఐదు కిలోలు, అంటే రెండో సంచి. గుణదలలో కొండ క్రింద ఇవన్నీ దొరుకుతాయి. కాబట్టి కాయను తీసుకోకండి, మనవిని తీసుకోండి. ఒక చిన్న నోటుపుస్తకంలో పేరు, మనవి వ్రాసుకోండి: ఫలానా అమ్మాయికి సంతానం, ఫలానా తాతకు చూపు, ఫలానా కుర్రవాడు త్రాగుడు మానాలని. ప్రతి కిలోమీటరు రాయి దగ్గర ఒక పేరు చదివి ఒక మంగళవార్త జపం చెప్పండి. 130 కిలోమీటర్లలో ఊరంతటి కోసం ప్రార్థించవచ్చు. ఆ పుస్తకం బరువు వంద గ్రాములు.

1858 ఫిబ్రవరి 11న లూర్దు గుహ వద్ద మరియతల్లి దర్శనం పొందిన బెర్నదెత్తు వయసు 14 ఏళ్ళు. కట్టెలేరుకోవడానికి వెళ్ళిన పేదింటి పిల్ల. కానుక ఏదీ తీసుకొని వెళ్ళలేదు. జేబులో జపమాల మాత్రం ఉంది.

6. కంటికి కనిపించని సామాను

పన్నెండవ శతాబ్దంలో సంతియాగో యాత్రికులకోసం లతీను భాషలో ఒక పెద్ద గ్రంథం తయారైంది. అందులోని ఒక ప్రసంగం యాత్రికుని జోలెకు అర్థం చెబుతుంది. జోలె చిన్నదిగా, ఇరుకుగా ఉంటుంది. ఎందుకంటే యాత్రికుడు కొద్దిపాటితో బయలుదేరి దేవుణ్ణి నమ్ముకుంటాడు. దాని మూతి కట్టి ఉండదు. ఎందుకంటే ఉన్నదానిని దారిలోని పేదలతో పంచుకోవాలి. ఎంత చక్కని భావం! పెద్ద సంచికి జిప్పు, తాళం కావాలి. చిన్న జోలెకు తాళమెందుకు?

ఆ కాలపు యాత్రికులు బయలుదేరే ముందు అప్పులు తీర్చేవారు, ఇంటి వ్యవహారాలు చక్కబెట్టేవారు, తాము నొప్పించినవారిని క్షమాపణ అడిగేవారు, పాపసంకీర్తనం చేసి గురువు దీవెన పొందేవారు. తిరిగి వస్తారో రారో తెలియని రోజులవి. మనకు ఆ భయం లేదు. అందుకే కాబోలు, ఆ అలవాటూ పోయింది.

బలిపీఠం వద్ద కానుక ఉంచబోతూ సహోదరునికి నీపై మనస్పర్ధ ఉందని గుర్తుకు వస్తే, ముందు వెళ్ళి సమాధానపడమని ప్రభువు ఆజ్ఞ (మత్తయి 5). గట్టు తగాదాతో అన్నదమ్ములు మాట్లాడుకోరు. పంచాయతీ ఎన్నికలలో వేరే పార్టీకి పనిచేశాడని ఒక ఇంటికి మరో ఇంటివారు చావుకు కూడా వెళ్ళరు. కూలి బాకీ ఆరు నెలలుగా అలాగే ఉంటుంది. ఇవన్నీ భుజాన వేసుకొని 130 కిలోమీటర్లు నడిచి, కొండ ఎక్కి, తలనీలాలు ఇచ్చి తిరిగి వస్తే, జుట్టు మాత్రమే తేలికైంది. దుప్పట్లు తగ్గించుకోవడం ఒక్క పూట పని. తమ్ముని గుమ్మం ఎక్కి పలకరించడానికి నెల పడుతుంది. అందుకే ఫిబ్రవరి యాత్రకు సన్నాహం జనవరిలో మొదలు కావాలి.

మరొక మాట. మన్నాను ఏ రోజుకు ఆ రోజే ఏరుకోమని ఇశ్రాయేలు ప్రజలకు చెప్పినా, కొందరు మరునాటికి దాచారు. అది పురుగుపట్టి కంపుకొట్టింది (నిర్గమకాండం 16). యాత్ర ముగించి ఇంటికి వచ్చాక ఐదు కిలోలతో ఐదు రోజులు బ్రతికామని గుర్తు పెట్టుకొని బీరువా తెరవండి. అందులో కట్టనివి, తొడగనివి ఎన్ని ఉన్నాయో చూడండి. చలికాలం వాడిన రగ్గు లేక వణికినవారు మన వీధిలోనే ఉంటారు. యాత్ర ఫలం అక్కడ కనిపించాలి.

ఆలోచించండి, చర్చించండి

(మీ చిన్న క్రైస్తవ సమాజంలోగాని, యాత్రికుల జట్టులోగాని)

1. మార్కు 6:7-13, లూకా 22:35-36 చదవండి. నేటి యాత్రికునికి ప్రభువు ఏ వస్తువులు ఉంచుకోమంటారు, ఏవి వదలమంటారు?

2. గలతీ 6:1-5 చదవండి. మన జట్టులో ‘క్రుంగదీసే భారం’ మోస్తున్నవారెవరు? వారికోసం బండిలో చోటు, జట్టులో తోడు ఏర్పాటు చేశామా?

3. నా సంచిలో కనిపించని బరువు ఏది? దానిని దింపడానికి ఏ ఇంటి గుమ్మం ఎక్కాలి?

ఆచరణ: బయలుదేరడానికి ముందు ఆదివారం, దివ్యబలిపూజ తరువాత, ప్రతి ఒక్కరూ సర్దిన సంచిని గుడికి తీసుకొని రండి. ఒక కాటా ఏర్పాటు చేసుకొని తూచండి. పదవ వంతుకు మించినవారు అక్కడే విప్పి, తీసినవాటిని ఇంటికి పంపండి. మందుల పొట్లం లేనివారిని మాత్రం సంచి ఎంత తేలికగా ఉన్నా పంపవద్దు.